శ్రీశైలం నీటిమట్టం, మా నాయన, పదకొండో ఇల్లు

మా నాయన పొద్దున పేపరు రాగానే ముందు జిల్లా పేజీ తిప్పి శ్రీశైలం నీటిమట్టం చూస్తాడు. నాకు ఊహ తెలిసినప్పటి నుంచి అంతే. పూర్తి మట్టం 885 అడుగులు. ఆ పక్కన ఆ రోజు అంకె ఉంటుంది. వేసవిలో అది 845 కిందికి వస్తే "తేలింది" అంటాడు. వానాకాలంలో పైకి పోతే "మునిగింది" అని పేపరు మడిచి పక్కన పెడతాడు. ఏది తేలింది, ఏది మునిగింది అని చిన్నప్పుడు నేను అడిగితే "మన ఊరు" అనేవాడు. అంతకు మించి ఒక్క మాట వచ్చేది కాదు.

మా ఊరు పాత కర్నూలు జిల్లాలో, కృష్ణ ఒడ్డున, సంగమేశ్వరానికి దగ్గర. శ్రీశైలం డ్యాం వెనక మునిగిన వంద దాకా ఊళ్ళలో అదొకటి. నేను పుట్టింది 1984లో, కర్నూలు టౌన్‌లో. అప్పటికి ఊరు నీళ్ళలో ఉంది. 2011లో ఉద్యోగం మీద టెక్సస్ వచ్చాను. ఇక్కడ ఎవరైనా "మీదే ఊరు?" అని అడిగితే కర్నూలు అంటాను. అన్నప్పుడల్లా మనసులో ఒక చిన్న అబద్ధం చెప్పినట్టు ఉంటుంది.

2023 చివర్లో మా మేనత్త, అంటే నాయన వాళ్ళ అక్క, చనిపోయింది. నేను పోలేకపోయాను. ఫోన్లో నాయన ఏడవలేదు. "ఇంక ఆ ఊరి బజార్లు ఎరిగినోళ్ళం నలుగురం ఉంటామేమో రా" అన్నాడు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ వారమే ఆయన మాటలు రికార్డు చేయాలని నిర్ణయించుకున్నాను. మా దగ్గర వేరే ఆధారమేమీ లేదు. పట్టా కాగితాలు, పెళ్ళి ఫోటోలు, పరిహారం రసీదులు అన్నీ ఒక రేకు పెట్టెలో ఉండేవి. 2009 అక్టోబరు 2న తుంగభద్ర కర్నూలు మీదికి వచ్చినప్పుడు ఆ పెట్టె కూడా మునిగింది. మా నాయన జీవితంలో ఇల్లు నీళ్ళలో పోవడం అది రెండోసారి.

మొదటి నాలుగు వారాలు పూర్తిగా తప్పు పద్ధతిలో చేశాను. నలభై ప్రశ్నలు రాసుకున్నాను. శనివారం రాత్రి మాకు తొమ్మిది, వాళ్ళకు ఆదివారం పొద్దున ఎనిమిదిన్నర. అమ్మ ఫోన్ స్పీకర్‌లో పెట్టేది, ఇక్కడ నేను ఇంకో ఫోన్లో రికార్డు చేసేవాణ్ణి. "ఊరు వదిలిపెట్టినప్పుడు నీకెట్లా అనిపించింది నాయనా?" అని అడిగాను. "ఏమనిపిస్తాది? అందరూ పోతాండ్రి, మేమూ పోతిమి." "ఊరు ఎట్లా ఉండేది?" "ఊరు మాదిరే ఉండ్య." అడ్డుగా ఫ్యాను చప్పుడు. నాలుగు వారాలకు కలిపి పనికొచ్చింది ఇరవై నిమిషాలు కూడా లేదు. ఆయనకు చెప్పాలని లేదేమో, నేనే బలవంతం చేస్తున్నానేమో అని టెన్షన్ పడ్డాను.

ఐదో వారం ప్రశ్నల కాగితం పక్కన పెట్టి ఒకటే అడిగాను: "మన ఇంట్లో నుంచి బయటికొచ్చి ఎడమ పక్కకు తిరిగితే మొదటి ఇల్లు ఎవరిది?"

నాయన కాసేపు ఆగాడు. తర్వాత గంటా పది నిమిషాలు ఆగలేదు.

మొదటి ఇల్లు ఆయన చిన్నాయనది. రెండోది కమ్మరి వాళ్ళది. కొలిమి ముందర నాగళ్ళ కర్రులు సాగదీయించుకోవడానికి ఏరువాక ముందు రైతులు వరస కట్టేవాళ్ళట. మూడో ఇంటి వాళ్ళకు నదిలో పుట్టి ఉండేది. వెదురు బద్దలతో అల్లిన గుండ్రటి పుట్టి. దాని మీదే అవతలి ఒడ్డుకు, పాలమూరు వైపుకు, పోయేవాళ్ళు. మా జేజి, అంటే నాయన వాళ్ళ అమ్మ, పుట్టిల్లు ఆ ఒడ్డున. పిల్లనిచ్చేదీ తెచ్చుకునేదీ ఆ ఒడ్డుతోనే. ఇప్పుడు మధ్యలో అంత నీళ్ళు ఉంటే వాళ్ళు వేరే రాష్ట్రం, మేము వేరే రాష్ట్రం అయిపోయాం. అప్పట్లో నాయన లెక్కలో అది "అద్దరి", అంతే.

అప్పటి నుంచి నేను నేర్చుకున్న సంగతి ఇది: ఎట్లా అనిపించింది అని అడగకూడదు. వస్తువు గురించి అడగాలి. దారి గురించి, కొలత గురించి, ఎవరి పక్కన ఎవరు కూర్చునేవాళ్ళు అని అడగాలి. అనిపించిన సంగతి దాని వెంబడి అదే వస్తుంది. జొన్నలు ఎక్కడ పోసేవాళ్ళు అంటే పాతర గురించి చెప్పాడు. నల్లరేగడిలో నిలువెత్తు గుంత తవ్వి, చుట్టూ జొన్న చొప్ప పరిచి, జొన్నలు పోసి పైన మన్ను కప్పేవాళ్ళు. పాతర తెరిచిన రోజు లోపలికి దిగడానికి తొందరపడకూడదు, ఆ గాలికి మనిషి పడిపోతాడు. ముందు లాంతరు దించి చూడాలి, ఆరిపోతే ఆ పూట దిగకూడదు. పాతర జొన్నల రొట్టెకు ఒక మక్కిన వాసన ఉంటుందట. "ఇప్పుడు మీరు తినలేరు. మాకు అది లేకపోతే రొట్టె తిన్నట్లే ఉండకపోతుండ్య" అన్నాడు.

మా ఇల్లు మట్టి మిద్దె. పైకప్పులో గవాచి ఉండేది. గవాచిలో నుంచి పడే ఎండ బిళ్ళ రోలు దగ్గరికి వస్తే బడికి పోవాలి, ధాన్యం గాదె దగ్గరికి వస్తే జేజికి సద్ది కట్టుకుని పోవాలి. ఇంట్లో గడియారం లేదు, గవాచే గడియారం. ఈ మాట విన్న రోజు రికార్డింగ్ ఆపేసి నేను చాలాసేపు అట్లాగే కూర్చున్నాను. ఇన్నేళ్ళు మా నాయన ఈ ఎండ బిళ్ళను ఎక్కడ దాచుకున్నాడు?

ఇంటి తర్వాత ఇల్లు రాసుకుంటూ పోయి ఊరి పటం గీశాను. నాయన చెప్పిన దాన్ని బట్టి మా బజారులో ఇరవై మూడు ఇళ్ళు. పదకొండో ఇల్లు మాత్రం ఆయనకు గుర్తు రాలేదు. "ఉండ్య. ఎవరిదో. చీకటి ఇల్లు" అన్నాడు. అక్కడ ఖాళీ గడి పెట్టాను.

ఫిబ్రవరిలో ఒక సంగతి జరిగింది. ఆస్టిన్‌లో టెక్సస్ విశ్వవిద్యాలయం వాళ్ళ పెరీ-కాస్టనేడా లైబ్రరీ పాత పటాలను స్కాన్ చేసి ఇంటర్నెట్‌లో పెట్టింది. అందులో అమెరికా సైన్యం పటాల శాఖ 1950ల నుంచి తయారు చేసిన భారతదేశం పటాలు ఉన్నాయి, రెండున్నర లక్షల స్కేలులో. నందికొట్కూరు, ఆత్మకూరు చుట్టుపక్కల వెతుక్కుంటూ పోతే మా ఊరు కనిపించింది. ఒక చిన్న చుక్క, పక్కన ఇంగ్లీషులో ఒక అక్షరం తప్పుగా పేరు. నేనుండే ఊరికి మూడు గంటల దూరంలో మా ఊరు ఒక కాగితం మీద భద్రంగా ఉంది. నాయనకు వాట్సాప్‌లో పంపాను. పేరు చూసి సంతోషపడతాడనుకున్నాను. ఆయన చూసింది నదిని.

"నది ఎంత సన్నగా ఉందో చూసినావా" అన్నాడు. "అట్లే ఉండ్య."

మార్చి కల్లా నా దగ్గర పదిహేడు రికార్డింగులు ఉన్నాయి. వాటిని విని, మాట మాట రాసుకోవడం మొదలుపెట్టాను. రికార్డు చేయడం కన్నా ఇదే పెద్ద పని. గంట మాటలు రాయడానికి నాకు ఆరేడు గంటలు పట్టేది. కానీ రాస్తేనే తెలుస్తుంది. వినేటప్పుడు దాటిపోయిన సంగతి రాసేటప్పుడు చేతికి తగులుతుంది.

అట్లా తగిలిందే మా ఇంటి సంగతి. నాలుగో రికార్డింగ్‌లో నాయన "బుల్డోజర్ వచ్చి పడగొట్టింది" అన్నాడు. మా ఇంట్లో అందరికీ తెలిసిన కథ అదే. మా జేజి చచ్చిపోయేదాకా ఆ బుల్డోజర్ తోలినవాణ్ణి తిట్టేది. 1981 వేసవిలో మెషిన్లు, పోలీసులు వచ్చి ముంపు ఊళ్ళను ఖాళీ చేయించిన మాట నిజం. కానీ పదహారో రికార్డింగ్‌లో నాయన ఇంకేదో చెబుతూ ద్వారబంధం గురించి అన్నాడు. "సుత్తి తగలకుండ గడ్డపారతో పక్క గోడ తవ్వి, నలుగురం పట్టుకోని పండబెడితిమి. ఒక్క గీత పడలే."

ఆ ద్వారబంధం నాకు బాగా తెలుసు. ఇప్పటికీ కర్నూలు ఇంట్లో పెరటి వైపు ఉంది. 2009 వరదలో ఉబ్బింది కానీ చెక్కు చెదరలేదు. దాని కింది భాగంలో ఉలితో కొట్టిన మూడు గాట్లు ఉంటాయి. చిన్నప్పుడు వాటిలో వేలు పెట్టి ఆడుకునేవాణ్ణి. బుల్డోజర్ పడగొట్టిన ఇంటి వాకిలి గీత పడకుండా ఎట్లా వచ్చింది? ఆ గాట్లేంటి?

అడగాలా వద్దా అని రెండు వారాలు ఆలోచించాను. పోలీసు అడిగినట్టు అడగకూడదనుకున్నాను. చివరికి "నాయనా, పెరట్లో వాకిలికి మూడు గాట్లు ఉంటాయి కదా, ఎవరు కొట్టారు?" అన్నాను.

చాలాసేపు ఏమీ వినపడలేదు. ఫోన్ కట్ అయిందనుకున్నాను.

"నేనే" అన్నాడు.

కూడవెల్లిలో సంగమేశ్వరుని గుడి ముంపులోకి వస్తుందని రాళ్ళకు నంబర్లు వేసి, ఊడదీసి, ఆలంపురానికి తీసుకుపోయి మళ్ళీ కట్టారు. ఆ గుడి ఇప్పటికీ ఆలంపురంలో ఉంది. ఆ నంబర్లు వేయడం నాయన చూశాడట. "గుడి రాళ్ళకు సర్కారోళ్ళు నంబర్లు ఏస్తిరి. మన దూలాలకు ఎవరేస్తారు?" అందుకే తనే వేశాడు. వాకిలికి మూడు గాట్లు. దూలాలకు ఒకటి, రెండు. దంతెలకు బొగ్గుతో గీతలు. పరిహారంగా వచ్చిన డబ్బుతో కొత్త చోట కలప కొనే దారి లేదు. ఎట్లాగూ పోయే ఇల్లే కాబట్టి కలప దక్కించుకోవాలి. మా జేజిని "నాలుగు రోజులు ఉండి రా" అని అక్క ఇంటికి పంపించి, తను, చిన్నాయన కొడుకులు ఇద్దరు, ఒక కూలి మనిషి కలిసి మిద్దె మీది చవుడు మన్ను తోడి, దూలాలు దించి, మూడు రోజుల్లో ఇల్లు విప్పేశారు. నాలుగో రోజు జేజి వచ్చింది. గోడలే ఉన్నాయి. ఎవరు పడగొట్టారు అని అరిచింది.

"మిషన్ వచ్చిందిమా అని చెప్తి. ఏం చెప్పల్ల? నీ మొగుడు కట్టిన ఇల్లు నేనే ఇప్పినా అని చెప్పల్లనా? అట్లే అనుకుంటనే పాయ ఆమె."

జేజి పోయింది 1993లో. పన్నెండేళ్ళు ఆమె లేని మనిషిని తిడుతుంటే నాయన పక్కనే కూర్చుని అన్నం తిన్నాడు. నాకూ అదే కథ చెప్పాడు. నేను ఏమీ అనలేదు. అనడానికి నాకు ఏ మాటా తోచలేదు. ఆ తర్వాత ఆయనే అడిగాడు, "ఇది గూడ రికార్డు అయితాందా?" అవుతోందని చెప్పాను. తీసేయమంటే తీసేస్తానన్నాను. "ఉండనీ" అన్నాడు.

మే నెలలో పది రోజులు సెలవు పెట్టి కర్నూలు పోయాను. అంతకు ముందు ఏడాది కృష్ణకు వరద సరిగ్గా రాలేదు. 2024 వేసవిలో డ్యాం బాగా అడుగుకు పోయింది. మా ఊరి దగ్గరి సంగమేశ్వరంలో, ఏటా డ్యాం నీళ్ళలో మునిగే గుడిలోని సంగమేశ్వరుడు (కూడవెల్లి గుడి వేరు) తొందరగానే బయటపడ్డాడు. పొద్దున ఐదుకు కారులో బయలుదేరి నందికొట్కూరు, ఆత్మకూరు మీదుగా కపిలేశ్వరం చేరాం. నాయన ముందు సీట్లో, అమ్మ వెనక నాతో. సంగమేశ్వరంలో ఆగాం. ఏడు నదులు కలిసే చోటు అంటారు. గోడల మీద బురద ఎండి పొలుసులు లేచింది. లోపల వేపమాను లింగం ఏటా నెలల తరబడి నీళ్ళలో నాని కూడా అట్లాగే ఉంది. జూలైలో నీళ్ళు ఎక్కేటప్పుడు ఆఖరి పూజ చేసి స్వామిని వదిలి పైకి వస్తారు. నాయన దండం పెట్టుకుని ఎక్కువసేపు ఉండలేదు. "పోదాం పా" అన్నాడు. ఆయన ధ్యాసంతా ఊరి మీదే ఉంది.

అక్కడి నుంచి ట్రాక్టర్ దారి. నేల పగుళ్ళు ఇచ్చింది, కొన్ని చోట్ల బర్రెలు మేస్తున్నాయి, చేపలు పట్టేవాళ్ళ గుడిసెలు ఉన్నాయి. ఒకచోట నల్లటి చింత మొద్దులు వరసగా కనిపించాయి. నాయన కారు ఆపమన్నాడు. అది ఊరి ముందరి చింతతోపు. అక్కడి నుంచి నా చేతిలోని పటం పట్టుకుని నడిచాం. కూలిన గోడల కింది రాళ్ళు వరసలుగా తేలి ఉన్నాయి. నాయన ఒకచోట నిలబడి "ఇదే మన ఇల్లు" అన్నాడు.

అమ్మ కాదంది.

అమ్మ ఆ ఊరికి కోడలిగా వచ్చింది 1976లో. అక్కడ ఉన్నది ఐదేళ్ళు. ఇన్ని నెలలు నేను ఆమెను ఫోన్ పట్టుకోవడానికే వాడుకున్నాను, ఒక్క ప్రశ్న అడగలేదు. ఇది నా తప్పు, ఇప్పటికీ బాధగా ఉంది. ఆమె మా వెంట రాకుండా పక్కకు పోయి దేనికోసమో వెతికింది. పూడిపోయిన బావి ఒర రాళ్ళు గుండ్రంగా కనిపించాయి. దాని దగ్గర నిలబడి, ఒక చెయ్యి తల మీదికి ఎత్తి, బిందె పట్టుకున్నట్టే, నడవడం మొదలుపెట్టింది. పెదాలతో లెక్క పెడుతోంది. నూట నలభై దగ్గర ఆగింది. నాయన నిలబడిన చోటికి అది రెండు ఇళ్ళ అవతల.

"మీ నాయన చేనికి పోయినాడు, రచ్చకట్ట మీద కూసున్నాడు. ఆ ఇంటికి నీళ్ళు మోసింది నేను" అంది.

నాయన వాదించలేదు. వచ్చి ఆమె చూపించిన చోట గొంతుకూర్చున్నాడు. చుట్టూ చూసి, చింతతోపు దిక్కు చూసి, "అవును, ఇదే" అన్నాడు. ఒక మట్టి పెళ్ళ తీసి చేతిలో నలిపాడు. ఇంట్లో పూజ గదిలో పెట్టుకుందామని నేను ఒక డబ్బా తెచ్చాను. అది చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఇది మన మన్ను కాదు రా. ఒండ్రు. యాన్నుంచో వచ్చింది. మన మన్ను కింద ఉంది."

నిజమే. మొదట 308 టీఎంసీలు పట్టే డ్యాం పూడికతో 215 దగ్గరికి వచ్చింది. లెక్కల్లో చదివినప్పుడు అది అంకె మాత్రమే. ఆ పూడికలో కొంత మా ఇంటి మీద ఉంది. డబ్బా ఖాళీగానే వెనక్కి తెచ్చాను.

వచ్చే ముందు నాయన ఇల్లున్న చోట ఒక రాయి మీద కూర్చుని, మా జేజికి చెప్పినట్టు మెల్లగా ఏదో అన్నాడు. నేను దూరం జరిగాను. అది రికార్డు చేయలేదు.

టెక్సస్ తిరిగి వచ్చాక ప్రతి వారం ఫోన్ అమ్మతోనే మొదలుపెడుతున్నాను. ఆమె పటం వేరు. అందులో బావులు, రోళ్ళు, ఎవరింట్లో నిప్పు అడగవచ్చు, ఏ ఇంటి ముందర తల వంచుకుని పోవాలి అన్నవి ఉన్నాయి. నాయన పటం మీద దాన్ని వేరే రంగుతో గీస్తున్నాను. ఇద్దరికీ పొసగని చోట్లు ఏడెనిమిది ఉన్నాయి. వాటిని అట్లాగే ఉంచాను.

జూలై చివర్లో ఎగువ నుంచి వరద వచ్చింది. ఇప్పుడు నేను కూడా రోజూ ఫోన్లో నీటిమట్టం చూస్తున్నాను. రోజుకు అడుగులకు అడుగులు లేచింది. 845 దాటిన రోజు నాయన ఏం చేస్తాడో నాకు తెలుసు, పేపరు మడిచి పక్కన పెడతాడు. ఆ రాత్రి మాకు రెండున్నరప్పుడు ఫోన్ మోగింది. ఇంటి నుంచి ఆ వేళ ఫోన్ వస్తే గుండె జారిపోతుంది. గబగబా ఎత్తాను.

"పదకొండో ఇల్లు" అన్నాడు నాయన. "మగ్గం గుంత ఉండ్య వాళ్ళింట్లో. అందుకే చీకటి. మీ అమ్మ ఇప్పుడే చెప్పె. ఆ ముసలామె పేరు..."

పేరు చెప్పాడు. లైటు వేసి, పటం తీసి, ఖాళీ గడిలో రాశాను.

"రాసుకుంటివా?"

"రాసుకున్నా నాయనా."

"సరే, పండుకో పో."